ఒకే సేరు, రెండు తూకాలు: మన సీమలో కొలతల కథ



మన గౌనిపల్లి చుట్టుపక్కల పాత ఇళ్ళ అటకలు దులిపితే ఇప్పటికీ ఒక ఇనుప సేరో, పావో దొరుకుతుంది. పిల్లలు దాన్ని బొమ్మ అనుకుంటారు. పావు, అచ్చేరు, సేరు, కొళగం, ఖండుగం అని మన అవ్వతాతలు రాగులు కొలిచింది వాటితోనే. ఈసారి ఆ కొలతల సంగతి రాద్దామనుకున్నాం. మామిడి కోతలు వచ్చినప్పుడల్లా మనకు అక్కరకొచ్చే సంగతి ఇది.

మన మైసూరు సీమలో కచ్చా సేరు అంటే 24 రూపాయల ఎత్తు, ఇప్పటి లెక్కలో సుమారు 280 గ్రాములు. పక్కా సేరు 80 తులాలు, అంటే 933 గ్రాములు. పేరు ఒకటే, తూకంలో మూడింతల తేడా! మణుగు సంగతీ అంతే. కచ్చా సేర్లు 40 అయితే 11 కిలోల చిల్లర. 80 తులాల సేర్లు 40 అయితే 37 కిలోల పైచిలుకు. ధాన్యం కొలిచేటప్పుడు పైన కుప్పగా పోస్తే ఒక లెక్క, చేత్తో చదును చేస్తే ఇంకో లెక్క. ఏ సేరు, ఏ కొలత అన్నది ఎవరు చెప్పేవాళ్ళు? అప్పిచ్చినవాడు, సరుకు కొనేవాడు. అమ్ముకునే రైతు తలూపేవాడు.

1939లో బ్రిటిష్ ప్రభుత్వం 80 తులాల సేరును ప్రమాణంగా పెట్టి చట్టం చేసింది. అది బ్రిటిష్ ఇండియాకు. మదనపల్లె మద్రాసు రాష్ట్రంలో ఉంది కాబట్టి దాని కిందికి వచ్చింది. మనం మహారాజావారి సంస్థానం, మనకు వర్తించలేదు. అటూ ఇటూ మాట్లాడేది తెలుగే అయినా తూకానికి చట్టం వేరు. ఇదే జిల్లాలో కోలారు గనుల బంగారాన్ని మాత్రం కంపెనీవాళ్ళు ఔన్సు తప్పకుండా తూచేవాళ్ళు.

1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగింది. మనం కొత్త మైసూరు రాష్ట్రంలో, మదనపల్లె ఆంధ్రప్రదేశ్‌లో. రెండు నెలలు తిరక్కుండానే, డిసెంబరు 28న, తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. దేశమంతటికీ ఒకే కిలో, ఒకే మీటరు, ఒకే లీటరు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు, 1958 అక్టోబరు నుంచి విడతలవారీగా కిలోలు వచ్చాయి. దేశానికి మూలమైన కిలో గుండు, 57వ నంబరుది, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంది. సరిహద్దుకు రెండు వైపులా కిలో ఒకటే అయింది.

ప్రమాణం కేంద్రానిదైనా అమలు రాష్ట్రాల చేతిలో ఉండేది. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో అది ఉమ్మడి జాబితాకు మారింది. అదే ఏడాది కొత్త చట్టం, 1985లో అమలు చట్టం వచ్చాయి. ఆ రెండింటి స్థానంలో వచ్చిన 2009 చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి నడుస్తోంది. దాని ప్రకారం అధికారి అంగడిలోకి వచ్చి త్రాసు పరీక్షించవచ్చు, దొంగ గుండ్లు జప్తు చేయవచ్చు. గుండ్లకు రెండేళ్ళకోసారి, ఎలక్ట్రానిక్ త్రాసుకు ఏడాదికోసారి ముద్ర పడాలి. తక్కువ తూచినవాడికి పదివేల దాకా జరిమానా, మళ్ళీ దొరికితే జైలు కూడా అని అందులో రాశారు.

వస్తువుల భద్రతకూ ఇలాంటి అధికారమే వచ్చింది. భారతీయ ప్రమాణాల సంస్థకు 2016లో చేసిన చట్టం ప్రకారం నాసిరకం సరుకును అంగడి నుంచి వెనక్కి రప్పించవచ్చు. 2021 జనవరి నుంచి పిల్లల బొమ్మలకు, జూన్ నుంచి హెల్మెట్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరక్షరాల గుర్తు ఉండాలి. ఇంకో మాట: అసలు తులం 11.66 గ్రాములు. ఇప్పుడు అంగళ్ళలో 10 గ్రాములనే తులం అంటున్నారు. నగ కొనేటప్పుడు తులాల్లో కాక గ్రాముల్లోనే అడగండి.

ఇన్ని చట్టాలొచ్చినా మనం మోసపోవడం మానలేదు. పోయిన ఏడు మా మామిడికాయలు ఒక మండీలో దించాం. త్రాసు కొత్తది, అంకెలు ఎర్రగా వెలుగుతున్నాయి. తూకం రాశాక "తరుగు" అని కొంత కొట్టేశారు. ఎందుకని అడిగితే "ఇక్కడ ఆనవాయితీ" అన్నారు. త్రాసు మీద ముద్ర ఉందో లేదో చూడాలని మాకు తోచలేదు. లారీ అద్దె గుర్తొచ్చి, మా తాతల్లాగే తలూపి వచ్చాం.

అందుకే ఈసారి ఒంటరిగా పోవద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి పోదాం. తూచకముందే త్రాసు మీద ఈ ఏడాది ముద్ర ఉందేమో చూద్దాం. చీటీలో అసలు తూకం, తరుగు వేరువేరుగా రాయించుకుందాం. ఒప్పుకోకపోతే తూనికల శాఖకు చెబుదాం. మన దగ్గర బోర్డు మీద "కానూను మాపనశాస్త్ర ఇలాఖె" అని కన్నడంలో ఉంటుంది. వినియోగదారులుగా కొన్నవాటి గురించైతే 1915కు ఫోన్ చేయవచ్చు.

మీ ఇళ్ళలో పాత సేరు, పావు ఉంటే పాత ఇనుముకు వేయకండి. వచ్చే సమావేశానికి తీసుకురండి. అందులో రాగులు పోసి, ఆ రాగులను కిలో త్రాసులో తూచి పిల్లలకు చూపిద్దాం.