వాటర్ టెస్ట్ రిపోర్టులో ‘నాట్ డిటెక్టెడ్’ అని వస్తే సేఫేనా? ల్యాబ్‌లో ఏ పరీక్షకు ఏ మిషన్ వాడతారంటే..

బోరు నీళ్లు ల్యాబ్‌కి పంపిస్తే రిపోర్టు వస్తుంది. అందులో సీసం ఎదురుగా ‘నాట్ డిటెక్టెడ్’ అని ఉంటుంది. హమ్మయ్య అనుకుంటారు ఇంట్లోవాళ్లు. నిజానికి ఆ మాటకు అర్థం ‘ఈ మిషన్‌కు కనిపించలేదు’ అని మాత్రమే. ఇంకో మిషన్‌లో పెడితే అదే నీళ్లలో సీసం బయటపడొచ్చు.

నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలు దగ్గర్లోనే ఉండటంతో బోడుప్పల్, ఉప్పల్ వాసులకు బోరు నీళ్లపై అనుమానం రావడం సహజం. పరీక్షలు చేసే సంస్థలూ ఈ వైపే ఎక్కువ. నాచారంలో స్టేట్ ఫుడ్ ల్యాబొరేటరీ, ఉప్పల్ రోడ్డులో ఎన్‌జీఆర్‌ఐ, తార్నాకలో ఐఐసీటీ, ఎన్‌ఐఎన్ ఉన్నాయి. అయితే ఎక్కడ ఇచ్చినా, దేని కోసం వెతుకుతున్నారన్నదే అసలు విషయం.

ఏలూరులో ఏం జరిగింది?

2020 డిసెంబర్ మొదటి వారంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. కొద్దిరోజుల్లోనే బాధితుల సంఖ్య 600 దాకా వెళ్లింది. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు తేలింది. ఆ తర్వాత ఎన్‌ఐఎన్ పరీక్షల్లో పురుగుమందుల అవశేషాలు బయటపడ్డాయి. చివరకు ప్రధాన కారణం పురుగుమందులేనని నిపుణులు అభిప్రాయపడ్డారు.

లోహాలను పట్టే మిషన్ పురుగుమందును చూపించదు. పురుగుమందును పట్టే మిషన్ సీసాన్ని చూపించదు. ఏదో ఒక్క పరీక్షతో ఆగిపోతే కథలో సగమే తెలుస్తుంది.

ఏ పనికి ఏ పద్ధతి?

పదార్థంపై కాంతి పడినప్పుడు అది ఎంత పీల్చుకుంది, ఎంత వదిలింది అని కొలవడమే స్పెక్ట్రోస్కోపీ. ఇందులో చాలా రకాలున్నాయి.

యూవీ-విజిబుల్: చవకైన పద్ధతి. నీళ్లలో నైట్రేట్, ఇనుము లాంటివి చూడటానికి సరిపోతుంది. ఒకేలాంటి రెండు రంగులు కలిసి ఉంటే మాత్రం తికమక పడుతుంది. ముందు వాటిని విడదీయాల్సిందే.

ఎఫ్‌టీఐఆర్: అణువుల్లోని బంధాలను గుర్తిస్తుంది. ఫార్మా కంపెనీల్లో వచ్చిన పొడి అసలుదో కాదో నిమిషాల్లో తేల్చేస్తుంది. అతి తక్కువ మోతాదు కల్తీని పట్టలేదు.

రామన్: గాజు సీసా మూత తీయకుండానే లోపలి పదార్థాన్ని చూడొచ్చు. 1928లో సర్ సీవీ రామన్ కనిపెట్టిన ప్రభావమే దీనికి ఆధారం.

ఎక్స్‌ఆర్‌ఎఫ్: బంగారం షాపుల్లో క్యారెట్ చూసే మిషన్ ఇదే. పైపొరను మాత్రమే చదువుతుంది. మందంగా పూత వేస్తే లోపలి లోహం దీనికి తెలియదు.

ఏఏఎస్, ఐసీపీ-ఎంఎస్: లోహాల కోసం వాడేవి. మామూలు ఏఏఎస్‌లో మంట వాడతారు, సాధారణంగా ఒకసారి ఒక్క లోహాన్నే కొలుస్తారు. ఐసీపీ-ఎంఎస్ అయితే వేల డిగ్రీల ప్లాస్మాలో నమూనాను విడగొట్టి, పదుల మూలకాలను ఒకేసారి చెప్పేస్తుంది.

పురుగుమందులకు జీసీ-ఎంఎస్ లేదా ఎల్‌సీ-ఎంఎస్ వాడతారు. ఇవి ముందు మిశ్రమాన్ని విడదీసి, ఆ తర్వాత అణువుల బరువును బట్టి గుర్తిస్తాయి.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

బీఐఎస్ ప్రమాణం ప్రకారం తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్ మొత్తంలో 50 మిల్లీగ్రాములు. మంటతో పనిచేసే ఏఏఎస్‌కి ఇంత తక్కువ మోతాదును నమ్మకంగా కొలవడం కష్టం. దీనికి గ్రాఫైట్ ఫర్నేస్ ఏఏఎస్ గానీ, ఐసీపీ-ఎంఎస్ గానీ కావాలి.

శాంపిల్ పట్టేటప్పుడూ పొరపాటు జరగొచ్చు. లోహాల పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్ బాటిల్‌లో పట్టి, నైట్రిక్ యాసిడ్ కలుపుతారు. లేదంటే సీసం బాటిల్ గోడలకు అంటుకుపోయి, రిపోర్టులో తక్కువగా కనిపిస్తుంది. పురుగుమందులకైతే ముదురు రంగు గాజు సీసాలో పట్టి చల్లగా ఉంచాలి. అందుకే ఒకే బాటిల్ రెండింటికీ ఇస్తే కుదరదు.

ల్యాబ్‌లో ఏం అడగాలి?

- ఏ మిషన్‌తో, ఏ పద్ధతిలో చేశారు?
- ఆ పద్ధతి కనీసం ఎంత మోతాదును కొలవగలదు? అది బీఐఎస్ పరిమితి కంటే తక్కువగా ఉండాలి.
- ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉంటే, ఆ గుర్తింపులో ఈ పరీక్ష కూడా ఉందా?
- శాంపిల్ బాటిల్ ల్యాబే ఇస్తుందా?

రిపోర్టులో ‘నాట్ డిటెక్టెడ్’ పక్కన కొలవగల కనీస మోతాదు రాసి లేకపోతే, అడిగి రాయించుకోవాలి. ఆ అంకె తెలిస్తేనే ఆ మాటను నమ్మొచ్చో లేదో తెలుస్తుంది.