నిజాం రాజ్‌ప్రముఖ్ ఎట్లా అయ్యాడు

శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి దిగేవాళ్లకు కంపెనీ అంటే సింగరేణి ఒక్కటే. ఆ కంపెనీలో మెజారిటీ వాటాలను 1945లో నిజాం ప్రభుత్వం కొన్నది. మూడేళ్లు తిరిగేసరికి ఆ రాజ్యమే పోయింది. వాటాలు కొత్త సర్కారుకు దఖలుపడ్డాయి. చిక్కంతా మనిషి దగ్గరే వచ్చింది: ఓడిన నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ను ఏం చేయాలి?

1793లో ఫ్రాన్సు తన రాజు తల నరికింది. 1918లో రష్యాలో జార్‌ను కుటుంబంతో సహా కాల్చేశారు. ఢిల్లీ ఆ దారి పట్టలేదు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటు ప్రకటించేనాటికే భారత్ మీద హైదరాబాదు ఫిర్యాదు ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ముందుంది. దాన్ని నిజామే ఉపసంహరించుకుంటే ఢిల్లీకి తలనొప్పి తప్పుతుంది. అయిదు రోజులకు ఆయన ఆ పనే చేశాడు. అట్లాంటి మనిషిని బోనెక్కించడం కన్నా గద్దె మీద ఉంచడమే లాభమనుకున్నారు.

ఉపాయం సంస్థానాల శాఖ మంత్రి పటేల్, ఆ శాఖ కార్యదర్శి వి.పి.మీనన్‌ల చేతిలో అప్పటికే ఉంది. అదే ఏడాది మొదట్లో సౌరాష్ట్ర సంస్థానాలను కలిపినప్పుడు నవానగర్ జాంసాహెబ్‌ను రాజ్‌ప్రముఖ్‌ను చేశారు. గవర్నరు లాంటి పదవి. హోదా ఉంటుంది, అధికారం మంత్రివర్గానిది. 1949 ఫిబ్రవరిలో పటేల్ బేగంపేటలో విమానం దిగితే నిజాం స్వయంగా ఎదురొచ్చి చేతులు జోడించాడు. ఆ ఫొటో చూడండి, బేరం కుదిరిందని తెలిసిపోతుంది. ఆయన సొంత సర్ఫేఖాస్ భూములు ప్రభుత్వంలో కలిశాయి. ఏటా 50 లక్షల రాజభరణం ఖాయమైంది. 1950 జనవరి 26న ఆయన రాజ్‌ప్రముఖ్ అయ్యాడు.

1952 ఎన్నికల్లో, నిజాం మీద పోరాడిన రావి నారాయణరెడ్డి నల్లగొండలో నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచాడు. అప్పటికీ హైదరాబాదు రాజ్‌ప్రముఖ్ నిజామే. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఆ పదవే రద్దయింది.

కింది వాళ్ల సంగతి వేరు. నిజాం పక్షాన ఆయుధం పట్టిన రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ 1957 దాకా జైల్లో ఉన్నాడు, అది న్యాయమే. కానీ 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు మీద జరిపిన పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. వాళ్లలో ఎక్కువమంది ఏ అధికారమూ చూడని మామూలు ముస్లింలు. భూమి కోసం నిజాంతో కొట్లాడిన రైతులు 1951 దాకా కొత్త సర్కారు తుపాకులకూ ఎదురు నిలవాల్సి వచ్చింది.

రాజును చంపకపోవడం మంచిదే, అందులో నాకు అనుమానం లేదు. అయితే ఆ తీర్పు ఢిల్లీలో తయారైంది. మన ఆదిలాబాదు అడవుల్లో 1940లో నిజాం పోలీసుల తూటాలకు గోండుల నాయకుడు కొమురం భీం బలయ్యాడు. నిజాంను ఏం చేద్దామని భీం మనుషులను ఎవరూ అడగలేదు. ఆ క్షమలోని లోపం అదే.