ఓడలు వెళ్లిన తరువాతి బందరు – మచిలీపట్నం సాంస్కృతిక వారసత్వం: ఒక పరిశీలన

సారాంశం

మచిలీపట్నం చరిత్రను రేవు వైభవంగానూ, ఆ రేవు క్షీణతగానూ చెప్పడం పరిపాటి. 1864 నాటి ఉప్పెన తరువాతి అరవై యేళ్లలో ఆ పట్టణంలో వెలసిన పత్రికలు, కళాశాల, బ్యాంకు ఈ కథనంలో ఇమడవు. ఆ సంస్థల మధ్యగల సంబంధాన్ని పరిశీలించి, నగర వారసత్వంలో వాటికి దక్కవలసిన స్థానాన్ని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: మచిలీపట్నం, స్థానిక చరిత్ర, కృష్ణాపత్రిక, ఆంధ్రభారతి, ఆంధ్ర జాతీయ కళాశాల

ఉపోద్ఘాతం

విజయవాడ నడిబొడ్డున సాగే ప్రధాన రహదారికి మహాత్మాగాంధీ పేరు పెట్టినా జనవ్యవహారంలో అది నేటికీ బందరు రోడ్డే. కృష్ణా డెల్టాను తడిపే కాలువలలో ఒకటి బందరు కాలువ. మిఠాయి అంగడిలో బందరు లడ్డూకు ప్రత్యేక స్థానం ఉంది. ఇలా ఇతర ప్రాంతాల నోళ్లలో నిత్యం నానుతున్న ఊరు ఇప్పుడు సాహిత్య చరిత్రకారుల దృష్టిలో ఎంత ఉంది అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

'బందరు' అన్నది పారశీక పదం. రేవు అని దాని అర్థం. సామాన్యనామమే ఊరిపేరుగా స్థిరపడటం ఆ రేవు ప్రాముఖ్యానికి గుర్తు. అయితే ఆ పేరే చరిత్రకారుల చూపును ఒక దిశకు కట్టివేసింది. రేవు ఉన్నంతకాలం ఊరు వెలిగిందనీ, రేవు పోగానే ఊరు ఆరిపోయిందనీ చెప్పే కథనం స్థిరపడింది. ఈ కథనం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించాలి.

రేవు పట్టణం

గ్రీకు గ్రంథమైన పెరిప్లస్ పేర్కొన్న 'మసలియా' ఈ తీరప్రాంతమేనని చరిత్రకారులు గుర్తించారు. అక్కడ నేసే సన్నని నూలు వస్త్రాలను ఆ గ్రంథం ప్రత్యేకంగా ప్రస్తావించింది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం ఆ రాజ్యానికి ప్రధాన సముద్రద్వారమైంది. డచ్చివారు పదిహేడవ శతాబ్ది ఆరంభంలోనూ, ఆంగ్లేయులు 1611లోనూ, ఫ్రెంచివారు 1669లోనూ ఇక్కడ వర్తకస్థానాలు ఏర్పరచుకొన్నారు. వారిని ఆకర్షించిన సరకులలో ముఖ్యమైనది అద్దకపు వస్త్రం. 1759లో కర్నల్ ఫోర్డ్ నాయకత్వాన ఆంగ్లసేన ఫ్రెంచివారి నుండి కోటను గెలుచుకోవడంతో ఉత్తర సర్కారులపై కంపెనీ పట్టు బిగిసింది.

రేవుకు మొదటినుండి ఒక ప్రకృతి లోపం ఉంది. తీరాన లోతు చాలక పెద్ద ఓడలు దూరాననే లంగరు వేసేవి. సరకు పడవల మీద చేరేది. ఓడల పరిమాణం పెరిగినకొద్దీ ఈ లోపం భారమైంది. మరోవైపు ఇంగ్లాండు మిల్లుబట్ట చేనేత ఎగుమతిని దెబ్బతీసింది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన పట్టణాన్ని ముంచెత్తింది. ఆ విపత్తులో సుమారు ముప్పైవేల మంది మరణించారని అంచనా. 1933లో విశాఖపట్నం నౌకాశ్రయం ప్రారంభం కావడంతో కోస్తాంధ్ర సముద్రవాణిజ్యంలో బందరుకు పూర్వస్థానం తిరిగి వచ్చే ఆశ సన్నగిల్లింది.

ఉప్పెన తరువాత

పై కథనం ప్రకారం 1864 తరువాతి బందరు శిథిల పట్టణం కావాలి. ఆధారాలు వేరొక విషయం చెబుతున్నాయి. రేవు బలహీనపడుతున్న కాలంలోనే పట్టణానికి మూడు కొత్త ఆధారాలు సమకూరాయి. మొదటిది, 1855 నాటికి పూర్తయిన కృష్ణా ఆనకట్ట. దాని కాలువలు డెల్టా వ్యవసాయానికి నిలకడనిచ్చాయి. పిల్లలను పట్టణపు బడికి పంపగల, పత్రికకు చందా కట్టగల కుటుంబాలు పల్లెల్లో పెరిగాయి. రెండవది, 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన పాఠశాలతో మొదలైన ఆంగ్లవిద్య. మూడవది, జిల్లా కేంద్రంగా పట్టణంలో నిలిచిన కచేరీలు, న్యాయస్థానాలు. వాటిని ఆశ్రయించిన న్యాయవాద వర్గం. సముద్రం వైపు తిరిగి ఉన్న ఊరు క్రమంగా డెల్టా వైపు తిరిగింది.

పత్రిక, బడి, కళాశాల

కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు 1902లో కృష్ణాపత్రికను ప్రారంభించారు. 1907లో సంపాదకత్వం చేపట్టిన ముట్నూరి కృష్ణారావు 1945లో మరణించేవరకు దానిని నడిపారు. అదే 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రప్రాంత పర్యటనకు ముట్నూరి తోడుగా నిలిచారు. ఆ పర్యటన రగిల్చిన స్వదేశీ భావం 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలగా రూపుదాల్చింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, భోగరాజు పట్టాభి సీతారామయ్య దాని నిర్మాతలు. సాధారణ విద్యతోపాటు చేతివృత్తులకు, లలితకళలకు అక్కడ చోటు దొరికింది. ప్రమోద్ కుమార్ ఛటర్జీ చిత్రకళ బోధించారు. అడివి బాపిరాజు ఆయన వద్ద అభ్యసించి, తరువాత అదే కళాశాలలో పనిచేశారు. 1916లో జాతీయ పతాక నమూనాలతో పుస్తకం ప్రచురించిన పింగళి వెంకయ్య కూడా ఈ కళాశాల అధ్యాపకులే.

కళాశాల పుట్టిన 1910లోనే అయ్యంకి వెంకటరమణయ్య ఈ పట్టణం నుండి 'ఆంధ్రభారతి' సచిత్ర మాసపత్రికను వెలువరించారు. గురజాడ 'దిద్దుబాటు' అచ్చయినది అందులోనే. తొలి ఆధునిక కథ ఏది అన్న చర్చలో భండారు అచ్చమాంబ కథల ప్రాథమ్యం నేడు బలంగా వినిపిస్తున్నది. ఆ చర్చ ఫలితం ఏదైనా, విజయనగరంలో ఉన్న రచయిత కథను పాఠకునికి చేర్చిన వేదిక బందరుదన్న వాస్తవం మారదు. కథ ఎవరు రాశారన్న ప్రశ్నకు దక్కిన శ్రద్ధలో కొంతైనా, ఎక్కడ అచ్చయింది, అక్కడే ఎందుకు అచ్చయింది అన్న ప్రశ్నలకు దక్కవలసి ఉంది.

పాఠశాల పాత్ర కూడా గమనించదగినది. బందరు హిందూ ఉన్నత పాఠశాలలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తెలుగు పండితులుగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ఆయన శిష్యులు. అవధాన విద్యలో ఆరితేరిన గురువు పట్టణపు బడిలో దొరకడం వల్ల సంప్రదాయ పద్యవిద్య, కొత్త చదువు ఒకే తరంలో కలిశాయి. కాటూరి తరువాతి కాలంలో కృష్ణాపత్రిక సంపాదకులయ్యారు. బడిలో తయారైన పద్యకవి పత్రికా రచనలోకి నడిచిన ఈ దారి బందరు సంస్థల మధ్యగల అల్లికను చూపుతుంది.

ఈ అల్లిక ఆర్థికరంగానికీ విస్తరించింది. పట్టాభి 1923లో ఇక్కడే ఆంధ్రాబ్యాంకును స్థాపించారు. పత్రిక, కళాశాల, బ్యాంకు మూడింటి చుట్టూ ఉన్నది ఒకే మిత్రబృందం. స్వదేశీ భావనను అక్షరంలో, విద్యలో, ధనవ్యవస్థలో ఏకకాలంలో పరీక్షించిన ప్రయోగశాలగా ఆనాటి బందరును గుర్తించవచ్చు.

పరిమితులు

ఈ చిత్రాన్ని అతిశయోక్తి లేకుండా చూడాలి. పై సంస్థలను నడిపినవారు ప్రధానంగా విద్యావంతులైన అగ్రవర్ణ పురుషులు. పట్టణానికి దేశాంతర ఖ్యాతి తెచ్చిన అద్దకపు పనివారు, ఓడసరకు మోసిన పల్లెకారులు, చిలకలపూడిలో గిల్టునగలు చేసే కార్మికులు ఈ చరిత్రలో పేర్లు లేనివారుగా మిగిలారు. అద్దకపు పని నేటికీ పక్కనున్న పెడనలో సజీవంగా ఉంది. అచ్చుదిమ్మెల నమూనాలకు, రంగుల తయారీకి చెందిన వృత్తిపదజాలం తెలుగు నిఘంటుకారులకు విలువైన సంపద. బందరు వారసత్వ రచన ఈ రెండు పాయలనూ కలుపుకోకపోతే అది అసంపూర్ణమే అవుతుంది.

గర్వం, బాధ్యత

బందరు వాసులకు తమ ఊరిపై అభిమానానికి కొరత లేదు. అయితే ఆ అభిమానం రేవు జ్ఞాపకం చుట్టూనే ఎక్కువగా తిరుగుతున్నది. నూతన ఓడరేవుకు 2008లో శంకుస్థాపన జరిగింది. 2023లో మరల పనులు ఆరంభమయ్యాయి. రేవు పూర్తి కావడం పట్టణానికి అవసరమే. కాని 1864 తరువాతి అనుభవం నేర్పే పాఠం మరొకటి ఉంది: రేవు చేజారుతున్న దశలో కూడా ఈ పట్టణం తన మేధాశక్తితో తెలుగుదేశానికి దారి చూపింది. ఆ శక్తిని గుర్తించని అభివృద్ధి ప్రణాళిక పట్టణపు సగం బలాన్ని లెక్కలోకి తీసుకోనట్లే.

సంస్థల గుర్తులు చెరిగిపోవడం కళ్లముందే జరుగుతున్నది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనం కావడంతో ఆంధ్రాబ్యాంకు అన్న పేరు వ్యవహారం నుండి తొలగింది. పేరు పోయిన తరువాత మిగిలేది దస్తావేజు. అదీ పోతే మిగిలేది వదంతి. పాత కాగితానికి సముద్రపు గాలి, తేమ సహజ శత్రువులు.

ఉపసంహారం

బందరు చరిత్రకు 1864 ముగింపు కాదని పై పరిశీలన తెలుపుతున్నది. ఈ నిర్ణయం నుండి తెలుగు పరిశోధకులకు మూడు పనులు ఏర్పడుతున్నాయి. కృష్ణాపత్రిక, ఆంధ్రభారతి సంచికలకు విషయసూచికలు తయారు చేయడం మొదటిది. బందరు ముద్రణాలయాలలో అచ్చయిన గ్రంథాలను స్థలం ఆధారంగా పట్టిక కట్టడం రెండవది. పెడన అద్దకం, చిలకలపూడి నగల వృత్తులకు చెందిన పదజాలాన్ని పనివారి నోట వినగలిగినప్పుడే నమోదు చేయడం మూడవది. 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం ఈ పట్టణంలోనే ఉండటం అనుకూలాంశం. కవుల వారీగా, ప్రక్రియల వారీగా సాగిన తెలుగు సాహిత్య చరిత్ర రచన పట్టణాల వారీగా కూడా సాగితే, బందరు తన పేరు చెప్పే అర్థాన్ని మించిన ఊరన్న సంగతి స్పష్టమవుతుంది.