బందరు రేవు ఉక్కు, అమెరికా వేటకత్తి: సేకరణలో ముద్ర, పేరు, మూలం

వ్యాససంగ్రహం:
అమెరికాలో పాత వేటకత్తుల సేకరణ 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో క్రమబద్ధమైన అభిరుచిగా రూపొందింది. తయారీదారు ముద్ర, కాలసంకేతం, పరిమితసంఖ్య అనే మూడు ఆధారాలపై అక్కడ కత్తి విలువ నిర్ణయమవుతుంది. ఆ సేకర్తలు గౌరవించే ‘డమాస్కస్’ ఉక్కు చరిత్రలో ఒక ముఖ్యమైన పాయ తెలుగునేలలోని కొలుముల వద్ద మొదలవుతుంది. అయితే ఆ ఉక్కును వండినవారి పేరు ఏ అలుగుపైనా నిలవలేదు. కత్తికి విలువనిచ్చే ‘పేరు’ ఎక్కడ చేరింది, ఎక్కడ జారిపోయింది అనే విషయాన్ని మచిలీపట్నం రేవు నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వేటకత్తి, సేకరణ, ఉక్కు, వుట్జ్, డమాస్కస్, మచిలీపట్నం, కోనసముద్రం, మూస.

1. ఉపోద్ఘాతం:
వస్తుసేకరణను కేవలం సంపన్నుల వినోదంగా చూడటం పరిపాటి. కాని ఒక వస్తువును ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎన్ని చేశారు అనే ప్రశ్నలను సేకర్త నిత్యం వేసుకుంటాడు. ఇవి చరిత్రకారుని ప్రశ్నలే. తేడా ఒక్కటే: సేకర్తకు సమాధానం వస్తువు మీదే చెక్కి ఉండాలి, చరిత్రకారుడు వస్తువు వెలుపల కూడా వెతకాలి. అమెరికా వేటకత్తిని, గోల్కొండ ఉక్కును పక్కపక్కన ఉంచి చూసినప్పుడు ఈ తేడా స్పష్టమవుతుంది.

2. అమెరికా వేటకత్తి - ముద్రే చరిత్ర:
మిషిగన్ రాష్ట్రంలోని గ్లాడ్‌స్టన్‌లో వెబ్‌స్టర్ మార్బుల్ 1900 ప్రాంతంలో వేటగాళ్ల కోసం ప్రత్యేకంగా కత్తులు చేయించాడు. వేటాడిన జంతువు తోలు తీయడానికి, మాంసం కోయడానికి, అడవిలో విడిది పనులకు పనికివచ్చే విధంగా అలుగు, పిడి, తోలు ఒర రూపొందాయి. 1930ల చివర ఫ్లోరిడాలో బో రాండల్ చేతితో కత్తులు చేయడం ప్రారంభించాడు. 1964లో బక్ సంస్థ మడత వేటకత్తిని, 110 అనే నమూనా సంఖ్యతో, విపణిలోకి తెచ్చింది. బాబ్ లవ్‌లెస్ వంటివారి చేతిలో వేటకత్తి పనిముట్టు స్థాయిని దాటి శిల్పి సంతకం గల కృతిగా మారింది. 1970లో కత్తుల తయారీదారుల సంఘం ఏర్పడటంతో ఈ మార్పు సంస్థాగత రూపం పొందింది.

ఈ సేకరణకు ఆధారం కత్తి పిడికి చేరువలో, అలుగు మొదట కొట్టే ముద్ర. పెన్సిల్వేనియాలోని కేస్ సంస్థ 1970లో తన ముద్ర కింద పది చుక్కలు ఉంచి, ఏటా ఒక్కో చుక్కను తగ్గిస్తూ వచ్చింది. కాబట్టి చుక్కలను లెక్కిస్తే కత్తి పుట్టిన సంవత్సరం తెలుస్తుంది. రెమింగ్టన్ సంస్థ 1920ల నాటి తన ‘బుల్లెట్’ కత్తిని 1982లో పునర్ముద్రణ వలె మళ్లీ విడుదల చేసి, తరువాత ఏటేటా ఒక్కో నమూనాను ఆ సంవత్సరానికే పరిమితం చేసింది. పాత పనిముట్టు జ్ఞాపకాన్నే సరుకుగా మలచిన సందర్భమిది.

ఇక్కడ గమనించవలసిన వైరుధ్యం ఒకటి ఉంది. వేటకు వెళ్లిన కత్తి కంటే ఒరనుంచి తీయని కత్తికి సేకర్త ఎక్కువ వెల కడతాడు. సానపట్టిన అలుగు, అరిగిన ముద్ర, మార్చిన పిడి విలువను తగ్గిస్తాయి. పనికోసం పుట్టిన వస్తువు పని చేయకుండా ఉన్నందుకే విలువైనదవుతుంది.

3. ‘డమాస్కస్’ అనే పేరు:
1973లో కాన్సాస్ సిటీలో జరిగిన కత్తుల ప్రదర్శనలో విలియం మోరన్ నీటి అలల వంటి చారలు గల కత్తులను ప్రదర్శించాడు. అప్పటి నుంచి ‘డమాస్కస్’ అనే మాట అమెరికా సేకరణలో ప్రతిష్ఠకు పర్యాయపదమైంది. మోరన్ పద్ధతిలో భిన్నమైన ఇనుము, ఉక్కు రేకులను పొరలుగా పేర్చి, కాచి, సాగగొట్టి, మడిచి అతుకుతారు. చారలు ఆ పొరల వల్ల ఏర్పడతాయి.

పశ్చిమాసియాలో ప్రసిద్ధికెక్కిన పాత డమాస్కస్ అలుగు దీనికి భిన్నం. అది పొరల ఉక్కు కాదు, మూస ఉక్కు. మూసలో ఇనుమును కర్బన పదార్థాలతో కలిపి కరిగించి, నెమ్మదిగా చల్లార్చగా వచ్చిన దిమ్మను తక్కువ వేడిలో సాగగొడితే, ఉక్కు లోపలి స్ఫటికనిర్మాణమే చారలుగా బయటపడుతుంది. రెండింటికీ ఒకే పేరు వాడటం వల్ల రెండు వేర్వేరు విద్యలు ఒకటిగా భ్రమ కలిగిస్తున్నాయి.

ఆ పేరులో కూడా ఉన్నది అలుగు అమ్ముడైన నగరమే కాని, ఉక్కు పుట్టిన చోటు కాదు. ఇరానీ ఖడ్గాలపై ఇస్ఫహాను ఉస్తాదు అసదుల్లా పేరు బంగారు అక్షరాలలో కనిపిస్తుంది. ఆయన చేయని ఖడ్గాలపై కూడా ఆ పేరు చెక్కేవారు. అలుగు సాగగొట్టినవానికి కీర్తి, దానిని అమ్మిన నగరానికి పేరు దక్కాయి. దిమ్మను వండినవారికి రెండూ దక్కలేదు.

4. గోల్కొండ ఉక్కు, మచిలీపట్నం రేవు:
17వ శతాబ్దపు విదేశీయుల రచనలు ఈ లోటును కొంతవరకు పూరిస్తాయి. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తక స్థావరాలు ఏర్పరచుకొన్నారు. 1618 నుంచి 1622 వరకు అక్కడ ఉన్న విలియం మెత్‌వోల్డ్ గోల్కొండ రాజ్యపు సరుకులలో ఇనుమును, ఉక్కును పేర్కొన్నాడు. కత్తులు, బాకులు, బల్లేలు ఇందల్‌వాయిలో తయారై దేశమంతటా అమ్ముడవుతున్నాయని, ఇనుము సమీపంలోని కొండల నుంచే వస్తుందని తెవెనో రాశాడు. చారల అలుగుకు గోల్కొండ నుంచి వచ్చే ఉక్కు మాత్రమే తగినదని తావెర్నియే అభిప్రాయం. డచ్చి ఓడలు కోరమాండల్ తీరం నుంచి ఇనుమును, ఉక్కును బటావియాకు, పర్షియా రేవులకు చేరవేశాయి.

కృష్ణా డెల్టా దిగువ భాగం ఒండ్రునేల. బంటుమిల్లి, బందరు, దివిసీమ ప్రాంతాలలో ఇనుప రాయి దొరకదు. కాబట్టి ఈ ప్రాంతం ఉక్కుకు జన్మస్థలం కాదు, ద్వారం. సరుకు ఇక్కడకు రాగానే ఊరిపేరు పోయి బరువుగా, వెలగా, ఓడ పద్దుగా మారుతుంది. వర్తకపు లెక్కకు కావలసింది సరుకే కాని చేతి గుర్తు కాదు. అలుగుపై మూలం కనిపించకపోవడానికి మొదటి కారణం రేవు పద్దులోనే ఉంది.

డెల్టాకు ఎగువన నూజివీడు ప్రాంతపు రమణక్కపేటలో ఇనుము తీసే కొలుములను 18వ శతాబ్దం చివర బెంజమిన్ హైన్ పరిశీలించాడు. కరువు వల్ల అక్కడి కొలుములు బాగా తగ్గిన సంగతిని ఆయన నమోదు చేశాడు. 1814లో వెలువడిన ఆయన గ్రంథంలో ఈ వివరాలున్నాయి. లోహవిద్య క్షీణతకు విదేశీ పోటీ ఒక్కటే కాక, కరువులో చెదిరిన పనివారి జీవితం కూడా కారణమని దీనివల్ల ఊహించవచ్చు.

కోనసముద్రం గురించిన ప్రసిద్ధ వర్ణన హెచ్. డబ్ల్యు. వాయ్సీది. ఆయన మరణానంతరం 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అది అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుములను నిర్ణీతమైన పాళ్లలో కలపడం, మూసలలో పెట్టి కరిగించడం, దిమ్మలను కాచి మెత్తబరచడం ఆయన వివరించాడు. ఇస్ఫహాను నుంచి వచ్చిన వర్తకుడొకడు అక్కడే ఉండి, ఉక్కును స్వయంగా పరీక్షించి కొంటున్నాడు. తన దేశంలో దీనిని చేయించాలన్న ప్రయత్నం ఫలించలేదని ఆ వర్తకుడు చెప్పాడు. కొనేవానికి మూలం తెలుసు. దానికోసమే వేల మైళ్లు వచ్చాడు. అలుగు మాత్రం ఆ సంగతి చెప్పదు.

5. వుట్జ్ - లండను పరీక్షలు, అమెరికా పునస్సృష్టి:
1790లలో బొంబాయి నుంచి డాక్టర్ హెలెనస్ స్కాట్ పంపిన ఉక్కు దిమ్మలు లండను రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి. 1795లో జార్జ్ పియర్సన్ వాటిపై పరిశోధనపత్రం సమర్పించాడు. అప్పుడు ప్రచారంలోకి వచ్చిన ‘వుట్జ్’ అనే మాట కన్నడ, తెలుగు భాషల ‘ఉక్కు’కు వికృతరూపమని పలువురి అభిప్రాయం. ఊరి పేరు పోయినా, పదార్థం పేరు వక్రరూపంలోనైనా మిగిలింది. లండను కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్ ఈ ఉక్కుతో కలం చెక్కే చాకులు చేసి, శస్త్రచికిత్స పరికరాలకు ఇదే శ్రేష్ఠమని ప్రకటించాడు. ఆయన మైకేల్ ఫారడేతో కలిసి చేసిన ప్రయోగాలు మిశ్రమ ఉక్కుల అధ్యయనానికి తొలి మెట్లలో ఒకటి.

20వ శతాబ్దం చివర ఫ్లోరిడా కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రే, లోహశాస్త్రవేత్త జాన్ వెర్‌హోవెన్ కలిసి మూస ఉక్కు అలుగును తిరిగి సృష్టించారు. వారి పరిశోధనకు ఆధారమైన పాత అలుగుల ముక్కలు స్విట్జర్లాండు సేకర్త హెన్రీ మోజర్ సేకరణలోనివి. అవి బెర్న్ మ్యూజియంలో ఉండగా 1924లో జ్షోకే వాటిని పరీక్షించాడు. స్వల్ప పరిమాణంలో ఉన్న వనేడియం వంటి మూలకాలే చారలకు కారణమని వెర్‌హోవెన్ బృందం 1998లో ప్రతిపాదించింది. ఆ మూలకాలు గల ముడిరాయి తరిగిపోవడమే విద్య నశించడానికి కారణం కావచ్చునన్నది వారి ఊహ. రాతిని మాత్రమే కారణంగా చూపే ఈ ఊహను రమణక్కపేట కొలుముల కథతో కలిపి పరిశీలించవలసి ఉంది. మరొక విశేషం: చెక్కుచెదరకుండా దాచిన అలుగు చెప్పని రహస్యాన్ని కోసి పరీక్షించిన అలుగు చెప్పింది.

6. వాడకం, పూజ, భద్రత:
తెలుగు రైతు సంస్కృతిలో పనిముట్టును దాచే ఆచారం బలంగా లేదు. డెల్టా వరిపొలాలలో కొడవలికి కమ్మరి ఏటా కక్కు కొట్టేవాడు. అరిగిపోయిన ఇనుము మళ్లీ కొలిమికే చేరేది. విజయదశమికి పనిముట్లకు పసుపు కుంకుమలు పెట్టి పూజించడం ఉంది. కాని ఆ పూజ మరునాటి పనికోసమే. ఈ కారణంగా సామాన్యుల కత్తులు నిలవలేదు. నిలిచినవి దర్బారు కత్తులు. 1878 ఆయుధచట్టం నిర్వచనంలో బాకులు, ఖడ్గాలు కూడా చేరడంతో ఇంటి అటకపై ఆయుధం ఉంచుకోవడం మరింత అరుదైంది.

తంజావూరు ఆయుధాగారం 1860లలో విచ్ఛిన్నమైనప్పుడు ఎంపిక చేసినవి మద్రాసు మ్యూజియానికి చేరాయి. మిగిలినవాటిలో చాలాభాగం పాత ఇనుముగా పోయింది. హైదరాబాదులో మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) సేకరించిన వస్తువులు 1951లో మ్యూజియంగా ప్రజల ముందుకు వచ్చాయి. అక్కడ జహంగీరు బాకు, నూర్జహాను పండ్లు కోసే చాకు సందర్శకులను ఆకర్షిస్తాయి. వాటిని చూపేటప్పుడు వినిపించేది ధరించినవారి పేరు, పిడిలోని పచ్చరాయి, పొదిగిన రత్నాలు. అలుగులోని ఉక్కు ఎక్కడిది అనే ప్రశ్న వెనుకబడుతుంది. అమెరికా సేకర్త తయారీదారును వెతుకుతాడు. దర్బారు సేకరణ యజమానిని చూపుతుంది. మూసల వద్ద కూర్చున్నవాడు రెండు చోట్లా కనిపించడు.

7. ముగింపు:
1. అమెరికా వేటకత్తుల సేకరణలో విలువ ముద్ర, సంవత్సరం, సంఖ్యలపై నిలుస్తుంది. ముద్ర లేని సంప్రదాయాలకు ఈ కొలమానం వర్తించదు. ముద్ర లేనంత మాత్రాన కర్త లేడని కాదు.
2. ‘డమాస్కస్’ అనే ఒకే పేరు పొరల ఉక్కుకు, మూస ఉక్కుకు వాడుకలో ఉంది. తెలుగు పరిశోధనలో ఈ రెండింటిని వేర్వేరు పదాలతో వ్యవహరించడం అవసరం.
3. తెలుగునేల ఉక్కు కర్తల చరిత్రకు ప్రధానాధారం అలుగు కాదు. ఉత్తర తెలంగాణ గ్రామాలలోని చిట్టెం గుట్టలు, పగిలిన మూసలు, ఓడల పద్దులు, యాత్రికుల రచనలు అసలైన ఆధారాలు. శారదా శ్రీనివాసన్, ఎస్. జైకిషన్, థెల్మా లో వంటి పరిశోధకుల కృషి ఈ దిశలో సాగింది.
4. చిట్టెం గుట్టకు సేకరణవిలువ లేదు. అందుచేత రోడ్డు మెరకకో, పొలం చదునుకో అది సులభంగా కరిగిపోతుంది. కత్తి గాజుపెట్టెలో క్షేమంగా ఉంటే, దాని పుట్టుకకు సాక్ష్యం మట్టిలో చెదురుతోంది. గ్రామాలవారీగా ఈ స్థలాలను నమోదు చేయడం, మ్యూజియం వివరపట్టికలలో యజమాని పేరుతో పాటు లోహపరీక్షల ఫలితాలను చేర్చడం తక్షణం జరగవలసిన పనులు. చుక్కలు లెక్కించి కత్తి వయసు చెప్పగలిగిన కాలంలో, ఉక్కు వండిన ఊరిపేరు చెప్పలేకపోవడం చరిత్రరచనలో పూరించవలసిన లోటు.