పడకా ఫలహారం: స్కాట్లండ్ కొండసీమలో ఆతిథ్యం కథ

మన సంఘ సభ్యులలో చాలామంది పిల్లలు నేడు లండన్, మాంచెస్టర్, గ్లాస్గో వంటి నగరాలలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వారిని చూడటానికి వెళ్ళిన పెద్దలను వేసవిలో నాలుగు రోజులు స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న కొండసీమకు, అంటే హైలాండ్స్‌కు, తీసుకువెళ్ళడం పరిపాటి అయింది. ఆ పల్లెలలో పెద్ద హోటళ్ళు తక్కువ. 'బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్' అని బోర్డు కట్టిన మామూలు ఇళ్ళు ఎక్కువ. రాత్రి పడుకోవడానికి ఒక గది, ఉదయం కడుపునిండా ఫలహారం, ఇదీ అక్కడి ఏర్పాటు. రాత్రి భోజనం సాధారణంగా మనమే చూసుకోవాలి. ఒక విధంగా ఇది మన పాతకాలపు పూటకూళ్ళ ఇంటికి దగ్గరి చుట్టం.

ఈ మధ్య వీటిలో 'బొటీక్' అనే తరహా వచ్చింది. పాత చర్చి ఫాదరీ నివాసాన్నో, జమీందారు వేట బంగళానో, పశువుల కొట్టాన్నో బాగుచేసి, నాలుగైదు గదులను ముచ్చటగా అలంకరించి అతిథులకు ఇస్తారు. కిటికీ తెరిస్తే సరస్సు, దాని వెనుక కొండ, కనుచూపు మేరలో మరో ఇల్లు లేని పచ్చని లోయ. చూసినవారు ఎంత ప్రశాంతమని మెచ్చుకుంటారు. అయితే ఆ లోయలో ఇళ్ళు ఎందుకు లేవు? ఇంటివారు తమ ఇంటిలోని గదిని బాటసారికి ఎందుకు అద్దెకు ఇస్తున్నారు? ఈ రెండు ప్రశ్నలకూ ఒకే చరిత్రలో సమాధానం ఉంది. ఆ చరిత్రను సభ్యులకు క్లుప్తంగా తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అతిథికి వెల కట్టని కాలం

పూర్వం కొండసీమ ప్రజలు తెగలుగా జీవించేవారు. తెగకు ఒక నాయకుడు ఉండేవాడు. పొద్దుపోయిన తరువాత తలుపు తట్టిన బాటసారికి తిండి, పడక ఇవ్వడం వారికి పరువుకు సంబంధించిన విషయం. డబ్బు పుచ్చుకోవడం నామోషీ. ఈ అలవాటు స్కాట్లండ్‌లో ఎంత బలమైనదంటే, 1424లో మొదటి జేమ్స్ రాజు కాలంలో పట్టణాలలోనూ రహదారుల మీదా సత్రాలు ఉండాలని శాసనం చేస్తే, ప్రయాణికులు వాటి ముఖం చూడక తెలిసినవారి ఇళ్ళలోనే దిగసాగారు. సత్రాలవారు మొరపెట్టుకోవడంతో, బాటసారులు సత్రాలలోనే దిగాలని మరో శాసనం చేయవలసి వచ్చింది!

ఈ ధర్మానికి జరిగిన ఘోరమైన ద్రోహం గ్లెన్‌కో లోయలో 1692లో జరిగింది. కొండ తెగల నాయకులందరూ 1692 జనవరి 1 లోగా విలియం రాజుకు విధేయత ప్రకటిస్తూ ప్రమాణం చేయాలని ఆజ్ఞ. గ్లెన్‌కో మెక్‌డొనాల్డ్ తెగ పెద్ద ముందు ఫోర్ట్ విలియంకు వెళ్ళాడు. అక్కడి అధికారి, ప్రమాణం పుచ్చుకునే అధికారం తనకు లేదని, ఇన్వరేరీకి వెళ్ళమని పంపాడు. మంచులో అక్కడికి చేరి ప్రమాణం చేసేసరికి జనవరి 6వ తేదీ అయింది. గడువు దాటింది. ఫిబ్రవరి మొదట్లో క్యాప్టెన్ రాబర్ట్ క్యాంబెల్ నాయకత్వంలో సుమారు 120 మంది సైనికులు ఆ లోయకు వచ్చి బస అడిగారు. గ్రామస్థులు తమ ఇళ్ళలో చోటిచ్చి, దాదాపు రెండు వారాలు అన్నం పెట్టారు. రాత్రిపూట కలిసి పేకాట కూడా ఆడుకున్నారు. ఫిబ్రవరి 13 తెల్లవారుజామున ఆ అతిథులే ఆతిథ్యమిచ్చినవారి మీద పడ్డారు. తెగ పెద్ద పడక మీది నుంచి లేస్తుండగానే కాల్చి చంపారు. సుమారు 38 మంది హతులయ్యారని లెక్క. మంచుకొండల్లోకి పారిపోయి చలికి చనిపోయినవారు వేరు.

ఆ రోజులలో హత్యలు అరుదు కావు. కానీ ఉప్పు తిన్న ఇంట్లో చేసిన హత్యను స్కాట్లండ్ చట్టం మామూలు హత్య కంటే ఘోరమైన నేరంగా, విశ్వాసఘాతపు హత్యగా, పరిగణించేది. 1695లో విచారణ జరిగి అది హత్యేనని తేల్చినా, శిక్ష ఎవరికీ పడలేదు. ఆ లోయలోని ఒక పాత సత్రంలో క్యాంబెల్‌లకు ప్రవేశం లేదని ఇత్తడి పలక వేలాడుతూ ఉంటుంది. ఇప్పుడది హాస్యానికి పెట్టినదే అయినా, మూడు వందల ఏళ్ళయినా మాసిపోని జ్ఞాపకం దాని వెనుక ఉంది.

దీనికి మరో వైపు కూడా చెప్పుకోవాలి. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంలో కొండ తెగలు ఓడిపోయాయి. వారు ఎవరి తండ్రిని సింహాసనం ఎక్కించాలనుకున్నారో ఆ చార్లెస్ యువరాజు ఆ తరువాత ఐదు నెలలు కొండల్లో, దీవుల్లో తలదాచుకున్నాడు. పట్టిచ్చినవారికి 30,000 పౌన్ల బహుమానం ప్రకటించారు. జొన్నరొట్టెకు కొరతపడే మన ఇళ్ళ మాదిరిగానే, ఓట్స్ జావకు కూడా కరువైన ఇళ్ళవి. అయినా పట్టివ్వకుండానే సాగనంపారు. ఆ ఇళ్ళలో స్కై దీవిలోని కింగ్స్‌బర్గ్ ఇల్లు ఒకటి. యువరాజును ఆడవేషంలో ఆ దీవికి దాటించిన యువతి ఫ్లోరా మెక్‌డొనాల్డ్ తరువాతి కాలంలో ఆ ఇంటికే కోడలైంది.

బాటలు, సత్రాలు, పెరిగిన కౌలు

తెగలను అదుపులో పెట్టడానికి ప్రభుత్వం రోడ్లు వేసింది. జనరల్ వేడ్ 1725 నుంచి సుమారు 250 మైళ్ళ సైనిక రహదారులు నిర్మించాడు. వాటి వెంట సైనికులు, ప్రయాణికులు దిగడానికి 'కింగ్స్‌హౌస్' అనే సత్రాలు వెలిశాయి. కొండసీమలో వెల కట్టిన పడక అలా స్థిరపడింది.

ఆంగ్ల నిఘంటువు కర్త డాక్టర్ జాన్సన్, ఆయన మిత్రుడు బాస్వెల్ 1773లో ఈ సీమలో పర్యటించి, ఇద్దరూ వేరువేరుగా పుస్తకాలు రాశారు. గ్లెనెల్గ్ అనే చోట సత్రంలో మాంసం, పాలు, రొట్టె, గుడ్లు ఏవీ లేవు. జాన్సన్ తన పెద్దకోటు తొడుక్కునే గడ్డి మీద పడుకున్నాడు. బాస్వెల్ కాస్త సుకుమారుడు కనుక గడ్డి మీద దుప్పటి పరచుకున్నాడు. అంత ఇబ్బంది పడిన జాన్సన్ కూడా స్కాట్లండ్ ఉదయపు ఫలహారాన్ని మాత్రం నోరారా మెచ్చుకున్నాడు. తేనె, పండ్ల మురబ్బాలు, వెన్న, టీ అన్నీ ఉన్నాయన్నాడు. జున్ను పెట్టడమే ఆయనకు గిట్టలేదు. నేటి బ్రేక్‌ఫాస్ట్ బల్లకు ఈ కీర్తి రెండున్నర శతాబ్దాల నాటిదన్నమాట.

కింగ్స్‌బర్గ్‌లో ఫ్లోరా స్వయంగా వారికి ఆతిథ్యమిచ్చింది. యువరాజు పడుకున్న మంచం మీదనే జాన్సన్ నిద్రించాడు. ఇంత పేరున్న ఆ ఇల్లు కూడా అప్పుల్లో ఉంది. మరుసటి ఏడు, 1774లో, ఫ్లోరా దంపతులు ఇల్లు వదిలి అమెరికాకు వలసపోయారు.

కారణం ఏమిటో గ్లెన్‌మారిస్టన్ లోయలోని ఒక సత్రం యజమాని వారికి ముందే చెప్పాడు. పాతికేళ్ళ క్రితం తన భూమికి కౌలు 5 పౌన్లు, అప్పటికి 20 పౌన్లు అయింది. ఆ లోయ నుంచి డెబ్బై మంది అమెరికా వెళ్ళిపోయారు, తానూ వచ్చే ఏడు వెళ్తానన్నాడు. తెగ నాయకుడు కేవలం భూస్వామిగా మారిపోయాడు. అతనికి ఇప్పుడు కత్తి పట్టే మనుషులు అక్కరలేదు, కౌలు డబ్బు కావాలి.

ఆ కాలంలో సీమ వదిలిన యువకులలో కొందరు మన దేశానికి వచ్చారు. మన గ్రామ కైఫీయతులను కావలి సోదరుల సాయంతో సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ ఈ ప్రాంతపు లూయిస్ దీవిలోని స్టార్నోవేలో పుట్టినవాడే.

మనుషులు పోయి గొర్రెలు వచ్చాయి

గొర్రెల పెంపకందారులు రైతుల కంటే ఎక్కువ కౌలు ఇవ్వజూపారు. దానితో లోయలకు లోయలే ఖాళీ చేయించారు. చరిత్రలో దీనిని 'హైలాండ్ క్లియరెన్సెస్' అంటారు. సదర్లాండ్ జమీందారీలో స్ట్రాత్‌నేవర్ లోయను 1814లోనూ 1819లోనూ ఖాళీ చేయించారు. జనం తిరిగి రాకుండా ఇళ్ళ కప్పులు తగులబెట్టారు. ఆ పని చేయించిన ప్యాట్రిక్ సెల్లార్ మీద 1816లో ఇన్వర్నెస్‌లో విచారణ జరిగింది. జ్యూరీ అతన్ని నిర్దోషిగా వదిలేసింది.

1845లో గ్లెన్‌కాల్వీ లోయ ప్రజలను వెళ్ళగొట్టినప్పుడు వారు క్రోయిక్ అనే చోట చర్చి ఆవరణలో, సమాధుల మధ్య గుడారాలు వేసుకుని తలదాచుకున్నారు. చర్చి కిటికీ అద్దాల మీద తమ గోడు గీసి వెళ్ళారు. తమ పాపమే తమకు ఈ గతి పట్టించిందని కూడా రాసుకున్నారు. ఆ గీతలు నేటికీ చదవవచ్చు. ఎవరు వచ్చినా చోటిచ్చిన జాతికి ఒక రాత్రి తలదాచుకోవడానికి శ్మశానం తప్ప దొరకలేదు.

విచిత్రమేమంటే, సరిగ్గా ఈ కాలంలోనే ఈ సీమ అందాన్ని లోకం కనిపెట్టింది. వాల్టర్ స్కాట్ 1810లో కాట్రిన్ సరస్సు నేపథ్యంగా కావ్యం రాయగానే అక్కడి సత్రాలు కిటకిటలాడాయి. థామస్ కుక్ 1846లో స్కాట్లండ్‌కు యాత్ర నడిపాడు. అదే ఏడాది కొండసీమలో బంగాళాదుంప పంట తెగులుకు నాశనమై జనం ఆకలితో అలమటించారు. విక్టోరియా రాణి 1848లో బాల్మోరల్‌కు రావడం మొదలుపెట్టాక ధనికులందరికీ అక్కడ వేట బంగళా ఉండటం హోదా అయింది. నేడు బొటీక్ ఇళ్ళుగా మారినవాటిలో కొన్ని అప్పుడు కట్టినవే.

మద్రాసు గవర్నరు, స్కై దీవి రైతులు

భూమి పోగా మిగిలినవారికి సముద్రపు ఒడ్డున కొద్దిపాటి కమతాలు దక్కాయి. వాటిని 'క్రాఫ్ట్' అంటారు. ఒక కుటుంబానికి పూర్తిగా సరిపోని చెక్కలవి. పక్క పని లేనిదే గడవదు. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి. చివరకు 1882లో స్కై దీవిలో బ్రేస్ అనే గ్రామాల ప్రజలు, ముఖ్యంగా స్త్రీలు, గ్లాస్గో నుంచి వచ్చిన పోలీసులను రాళ్ళతో ఎదుర్కొన్నారు. దేశమంతా గగ్గోలు పుట్టి, 1883లో ప్రభుత్వం విచారణ సంఘం వేసింది.

దాని అధ్యక్షుడు లార్డ్ నేపియర్. 1866 నుంచి 1872 వరకు మద్రాసు గవర్నరుగా మన కోస్తా, రాయలసీమ జిల్లాలను పాలించినది ఈయనే. ఆయన ఊరూరా తిరిగి వందలమంది రైతుల సాక్ష్యం తీసుకున్నాడు. దాని ఫలితంగా 1886లో క్రాఫ్టర్ల చట్టం వచ్చింది. కౌలు న్యాయంగా నిర్ణయించాలి, కౌలు కట్టినంతకాలం తొలగించరాదు, హక్కు వారసులకు దక్కాలి అన్నది దాని సారం. పోయిన భూమి తిరిగి రాలేదు గాని, ఉన్న ఇల్లు నిలబడింది.

ఆ నిలబడిన ఇంట్లోనే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పెరిగింది. రైలు 1894లో ఫోర్ట్ విలియంకు, 1901లో మల్లేగ్ రేవుకు చేరింది. 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత సామాన్యులకూ కార్లు వచ్చాయి. క్రాఫ్ట్ ఇల్లాలు వేసవిలో ముందు గది అతిథులకు ఇచ్చి, కిటికీలో ఖాళీ ఉందనో లేదనో చిన్న బోర్డు పెట్టేది. గొర్రెలు, చేపలు, కొద్దిపాటి జీతం, వాటికి తోడు ఈ రాబడి. అలా ఎన్నో కుటుంబాలు ఊరు విడవకుండా నిలబడ్డాయి. తాతలు పరువుగా, ఉచితంగా ఇచ్చిన పడకకు మనుమరాలు వెల కట్టవలసి వచ్చింది. మన పూటకూళ్ళమ్మలలోనూ ఎందరో కష్టకాలంలో వంటింటినే ఆధారం చేసుకుని పిల్లలను పెంచినవారే కదా. అందులో నామోషీ ఏముంది?

నేటి సమస్య

ఇప్పుడు కథ మళ్ళీ మలుపు తిరిగింది. స్కై దీవి వంటి చోట్ల బయటివారు ఇళ్ళు కొని, తాము అక్కడ ఉండకుండానే పర్యాటకులకు వారాల లెక్కన అద్దెకిస్తున్నారు. ధరలు పెరిగి, ఊళ్ళో పుట్టిన యువకులకు ఇల్లు దొరకడం కష్టమైంది. అందుకే స్కాట్లండ్ ప్రభుత్వం 2022లో ఇటువంటి వసతులన్నిటికీ లైసెన్సు విధానం తెచ్చింది. పాతవారు 2023 అక్టోబరు 1 లోగా దరఖాస్తు చేసుకోవాలన్నారు. చట్టం ఉద్దేశం మంచిదే అయినా, ఒక్క గది ఇచ్చుకునే ముసలి ఇల్లాలికీ అదే ఖర్చు, అవే కాగితాలు అన్న విమర్శ వచ్చింది.

ఆశ కలిగించే సంగతులూ ఉన్నాయి. 1993లో అసింట్ ప్రాంతపు క్రాఫ్టర్లు చందాలు పోగుచేసి తమ భూమిని తామే కొనుక్కున్నారు. 1997లో ఎయిగ్ దీవి ప్రజలు తమ దీవినే కొనుక్కున్నారు. ఒకప్పుడు వెళ్ళగొట్టబడిన సీమలో ఇది చిన్న విజయం కాదు.

కాబట్టి ఆ వైపు వెళ్ళే సభ్యులకు ఒక మనవి. వీలైతే ఇంటివారు స్వయంగా కాపురముంటున్న ఇంట్లోనే గది తీసుకోమని పిల్లలకు చెప్పండి. అది బొటీక్ అయినా సరే, మామూలు ఇల్లయినా సరే. శాకాహారులైతే ముందుగానే చెప్పండి. ఓట్స్ జావ, బంగాళాదుంప రొట్టెలు, పుట్టగొడుగులు, టమాటాలు సాధారణంగా ఉంటాయి. ఫలహారం బల్ల దగ్గర తీరిక చూసుకుని, ఈ లోయలో పూర్వం ఎవరుండేవారని ఇంటివారిని అడగండి. పెద్దలు అడిగితే పెద్దలు తప్పక చెబుతారు. మనం ఇచ్చే డబ్బు ఒక కుటుంబాన్ని ఆ ఊళ్ళోనే నిలబెడుతుందన్న తృప్తితో ఆ లోయను చూసి రావచ్చు.