హైదరాబాద్ నగర జల ఇంజనీరింగ్: వాన లెక్క, వరద లెక్కల చరిత్ర

హైదరాబాద్‌లో తాగునీటి, మురుగునీటి, వాననీటి నిర్మాణాలను కొలతల మీద, లెక్కల మీద రూపొందించే పద్ధతి 1908 మూసీ వరద తర్వాత స్థిరపడింది. ఈ పనికి రెండు శాస్త్రాలు కావాలి. ఎంత వాన పడుతుంది, అందులో ఎంత ఇంకి ఎంత పారుతుంది, అది ఎంతసేపట్లో వచ్చి చేరుతుంది అన్నవి హైడ్రాలజీ తేల్చే విషయాలు. చేరిన నీరు కాలువలోనో గొట్టంలోనో ఎంత లోతున, ఎంత వేగంతో, ఎంత ఒత్తిడితో పోతుందో హైడ్రాలిక్స్ చెబుతుంది. మొదటి లెక్క తప్పితే రెండోది ఎంత నిక్కచ్చిగా వేసినా కట్టడం చాలదు. ఈ నగరాన్ని ఎక్కువగా ముంచింది మొదటి లెక్కలోని లోపమే.

నీళ్లు నిలపడం ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదు. ఇబ్రహీం కుతుబ్‌షా హయాంలో, 1562 ప్రాంతంలో హుస్సేన్‌సాగర్ వెలిసింది. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో మీరాలం చెరువుకు 21 కమానులతో రాతి కట్ట కట్టారు. నీటి ఒత్తిడిని కమానుల వంపు మీదుగా మధ్యనున్న స్తంభాలకు చేర్చే ఆ నిర్మాణం నేటికీ నిలిచి ఉంది. ఊళ్లలో గొలుసుకట్టు చెరువులుండేవి. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేది. కట్ట ఎత్తు, తూము మట్టం, అలుగు వెడల్పు తరతరాల అనుభవం మీద నిర్ణయమయ్యేవి. ఆ అనుభవం మామూలు వానలకు బాగా సరిపోయింది. నూరేళ్లకోసారి వచ్చే వానను కొలిచినవారు లేరు.

1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచెత్తింది. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది.

మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన పరిశీలన నగరంలోని గట్లతో ఆగలేదు, మూసీ, ఈసీ నదుల ఎగువ ప్రాంతమంతటికీ విస్తరించింది. నగరానికి ఎగువన పరీవాహక ప్రాంతం సుమారు 860 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులు, అంటే చదరపు మైలుకు దాదాపు ఒకటి. ఆ వానకు 221 చెరువులు తెగిపోయాయి. నగరం దగ్గర గరిష్ఠ ప్రవాహం సుమారు 4,25,000 క్యూసెక్కులని లెక్కతేలింది.

ఈ అంకెను వాన లెక్కతో పోల్చి చూడాలి. చదరపు మైలు నేల మీద రోజుకు ఒక అంగుళం వాన పడి, చుక్క ఇంకకుండా సమంగా పారితే సుమారు 27 క్యూసెక్కులవుతుంది. శంషాబాద్‌లో కురిసినంత వానా 860 చదరపు మైళ్లంతటా కురిసిందనుకున్నా రోజు సగటు 3 లక్షల క్యూసెక్కులకు మించదు. వచ్చిన ఉద్ధృతి అంతకన్నా ఎంతో ఎక్కువ. వాన కొద్ది గంటల్లో గుమికూడి పడటం ఒక కారణమైతే, పైచెరువు తెగి కింది చెరువును, అది తన కిందిదాన్ని తెంపుతూ నిల్వనీరంతా ఒక్కసారిగా వచ్చి పడటం రెండోది. రోజువారీ సగటు చూసి వరదను కట్టడి చేయలేమని విద్యార్థికి చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ తెలుగునేల మీద దొరకదు.

అందుకే విశ్వేశ్వరయ్య నగరం ఎగువనే మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి ఉంచాలని 1909లో సిఫారసు చేశారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. రెండూ తాగునీటికి కూడా ఆధారమయ్యాయి. ఇందులో ఒక చిక్కుంది. వరదను ఆపాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి, తాగునీటికైతే నిండుగా ఉండాలి. గేట్లు ఎప్పుడు, ఎంత ఎత్తాలన్న నిర్ణయం ఈ రెండింటి నడుమ నలుగుతూనే ఉంటుంది.

వరద అంచనాకు అప్పటికే రెండు సూత్రాలు వాడుకలో ఉన్నాయి. ఉత్తరాదిన డికెన్స్ సూత్రం, మద్రాసు ప్రెసిడెన్సీలో రైవ్స్ సూత్రం. మొదటిది పరీవాహక విస్తీర్ణాన్ని 3/4 ఘాతానికి, రెండోది 2/3 ఘాతానికి హెచ్చిస్తుంది. నిజాం రాజ్యపు చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ దక్కను నదులకు వేరే సూత్రం కట్టారు. అందులో ఘాతం స్థిరం కాదు, విస్తీర్ణం పెరిగేకొద్దీ సంవర్గమానం ప్రకారం తగ్గుతుంది. పెద్ద పరీవాహకంలో వాన అన్నిచోట్లా ఒకేసారి పడదన్న వాస్తవాన్ని ఆయన సూత్రంలోనే ఇమిడ్చారు. భారతీయ హైడ్రాలజీ పాఠ్యపుస్తకాల్లో అది నేటికీ ఆయన పేరుతోనే ఉంది. ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటోంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ కళాశాల 1929లో మొదలైంది. తొలి తరాలు ఈ లెక్కలను ఉర్దూలో చదివాయి.

మురుగు కాలువలకు కొలమానం వేరు. నీరు సెకనుకు 0.6 మీటర్లకన్నా నెమ్మదిగా పోతే మడ్డి అడుగున పేరుకుంటుంది, మరీ వేగంగా పోతే గొట్టం అరుగుతుంది. వాలును ఈ హద్దుల మధ్య కుదర్చాలి. వాననీటి నాలాలకు రేషనల్ పద్ధతి వాడతారు: ప్రవాహ గుణకం (వానలో ఇంకకుండా పారే వంతు), వాన తీవ్రత, విస్తీర్ణం మూడింటి లబ్ధమే గరిష్ఠ ప్రవాహం. గంటకు 5 సెంటీమీటర్ల వానకు, గుణకం 0.3 ఉన్న 10 హెక్టార్ల తోట నుంచి సెకనుకు సుమారు 0.42 ఘనపు మీటర్లు వస్తాయి. అదే స్థలాన్ని కాంక్రీటుతో కప్పి గుణకం 0.9కి చేరిస్తే 1.25 వస్తాయి. పైగా నీరు త్వరగా చేరుతుంది కాబట్టి లెక్కలో ఇంకా తీవ్రమైన వానను తీసుకోవాలి. పాత నాలా కొలతలను అలాగే ఉంచి చుట్టూ కాలనీలు లేపడం ఈ సమీకరణాన్ని చూడనట్టు నటించడమే. దీన్ని ఇంజనీర్లు గట్టిగా చెప్పి తీరాలి.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1971లో తెచ్చిన వాననీటి నిర్వహణ నమూనా (SWMM) వంటి కంప్యూటర్ నమూనాలతో ఇప్పుడు వీధివీధికీ లెక్క వేయవచ్చు. కానీ నమూనా తనకిచ్చిన సమాచారం మేరకే చెబుతుంది, అందులో అరుదైన కుంభవృష్టి లెక్క కూడా ఉండాలి. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన నమోదైంది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు పడింది. ఆ రాత్రి శంషాబాద్ దారిలో గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగి నీరు రహదారి మీదికి దూకింది. కొద్దిరోజులకే బాలాపూర్ వైపు గుర్రం చెరువు తెగింది. రేషనల్ పద్ధతిలో ఇలాంటి గండ్లకు చోటు లేదు. కట్ట తెగినప్పుడు వచ్చే వరదను విడిగా గణించి నాలా ప్రవాహానికి కలపాల్సి ఉంటుంది. 2020 వరదల తర్వాత ప్రభుత్వం వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం పేరిట నాలాల విస్తరణ చేపట్టింది.