అదృష్టవంతమైన అరేబియా

'ఫేలీక్స్' అనే లాటిన్ విశేషణానికి తొలి అర్థం ఫలవంతం. కాయలు కాసే చెట్టు 'అర్బోర్ ఫేలీక్స్'. పాలు తాగడం, తాపడం అనే అర్థమున్న ప్రాచీన ధాతువు దీనికి మూలం. సంస్కృత 'ధేనువు'దీ ఆ వంశమే. పంట పండినవాడే అదృష్టవంతుడు కనుక అర్థం అటు జరిగింది. రోమన్ నియంత సుల్లా దాన్ని బిరుదుగా తగిలించుకున్నాడు.

తెలుగు 'మంచి' ఏ నామం ముందైనా మారదు. లాటిన్ విశేషణం మాత్రం, సంస్కృతంలోలాగే, నామంతోపాటు లింగ వచన విభక్తులు మార్చుకుంటుంది. ప్రథమా ఏకవచనంలో మూడు లింగాలకూ ఫేలీక్స్ ఒక్కటే. షష్ఠిలో ఫేలీకిస్, చతుర్థీ పంచముల్లో ఫేలీకీ. ద్వితీయలో ఫేలీకెమ్, నపుంసకమైతే ఫేలీక్స్. బహువచనంలో ఫేలీకేస్, నపుంసకానికి ఫేలీకియా, షష్ఠిలో ఫేలీకియుమ్.

సాంబ్రాణి పండే దక్షిణ అరేబియాను గ్రీకులు 'ఎవుదైమోన్' (అదృష్టవంతమైన) అన్నారు. రోమన్లు దాన్ని 'అరాబియా ఫేలీక్స్' చేసుకున్నారు. ఆ సిరిని చేజిక్కించుకోవాలని క్రీ.పూ. 26లో రోమన్ చక్రవర్తి అగస్టస్ తన ఈజిప్టు పాలకుడైన ఏలియుస్ గాలుస్‌ను పంపాడు. పదివేల మంది, 130 ఓడలు. పొరుగు అరబ్బు రాజ్యమైన నబాతీయ మంత్రి సిల్లేయుస్ దారి చూపాడు. ఎర్రసముద్రపు తూర్పు తీరాన లెవుకే కోమే రేవు చేరేసరికే చాలా ఓడలు మునిగాయి. సైన్యం జబ్బుపడి అక్కడే నెలల తరబడి ఆగింది. ఆపై ఎడారి దారిన నీళ్లు ఒంటెలపై మోసుకుంటూ నడిచి, నేటి సౌదీలోని నజ్రాన్‌ను పట్టుకుంది. మర్సియాబా కోటను ఆరు రోజులు ముట్టడించి, నీళ్లు లేక వెనుదిరిగింది. సాంబ్రాణి నేల అక్కడికి రెండు రోజుల దూరమేనని బందీలు చెప్పారట! వెళ్లడానికి ఆరు నెలలు, రావడానికి అరవై రోజులు. యుద్ధంలో చచ్చింది ఏడుగురే. మిగతావారిని ఆకలి, రోగం, అలసట తిన్నాయి. ఈ కథ రాసిన గ్రీకు భూగోళవేత్త స్త్రాబో గాలుస్‌కు మిత్రుడు, తప్పంతా సిల్లేయుస్‌దేనన్నాడు.

శతాబ్దం తర్వాత రోమన్ రచయిత ప్లినీ, రోమన్లు శవాల దగ్గర కాల్చే సుగంధాలే అరేబియాను అదృష్టవంతం చేశాయని ఎత్తిపొడిచాడు. భూగోళవేత్త టాలెమీ పటంలో ఆ పేరు ద్వీపకల్పంలో చాలా భాగానికి పాకింది. రోమన్ సైనికులూ మళ్లీ వచ్చారు: ఎర్రసముద్రంలోని ఫరసాన్ దీవుల్లో, నబాతీయుల నగరం హెగ్రాలో రెండో శతాబ్దపు లాటిన్ శాసనాలు దొరికాయి.

తర్వాతి శతాబ్దాల్లో ఐరోపా పటాలు ఈ పేరును మోశాయి. 1761లో అక్కడికి బయలుదేరిన డెన్మార్క్ అన్వేషక బృందంలో నీబూర్ అనే సభ్యుడొక్కడే ప్రాణాలతో తిరిగొచ్చాడు. నేడు పేరు యెమెన్‌కు మిగిలింది. సిరి మాత్రం 1938లో దమ్మాం ఏడో బావిలో చమురు పడ్డాక సౌదీకి దక్కింది.